దమ్మిడీ కథ



"చేతిలో దమ్మిడీ లేదురా" అని మనం వారానికి ఎన్నిసార్లు అనుకుంటామో లెక్కలేదు. ఆదివారం నాడు ఇంటి దగ్గర్నుంచి ఎవరూ రాకపోతే అంటాం. సబ్బు అరిగిపోతే అంటాం. తోటి వాడు పెన్ను రీఫిల్ కొనిపెట్టమంటే తప్పించుకోవడానికి కూడా అంటాం. పెద్దవాళ్లు "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అంటారు. కోపం వస్తే "నువ్వు దమ్మిడీకి కొరగావు" అంటారు.

మరి మనలో ఎవరైనా దమ్మిడీని చూశారా? అది ఎంత ఉండేది? ఎక్కడి నుంచి వచ్చింది? నాకూ మొన్నటి దాకా తెలియదు. తెలియక మా ఇంట్లో నష్టం జరిగింది. అది ముందు చెప్పి, తరువాత దమ్మిడీ సంగతి చెబుతాను.

సంతలో జరిగింది

మా అవ్వకు ఎనభై దాటాయి. ఆమె మెడలో రూపాయి బిళ్ళల దండ ఉంటుంది. మీ ఊళ్లలోనూ చాలామంది అవ్వలకు అలాంటిది ఉంటుంది కదా. గత సంక్రాంతి సెలవుల్లో మా నాయనకు జ్వరం తగ్గక, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బస్సు ఖర్చులకు కూడా డబ్బు లేకపోయింది. అవ్వ దండలోంచి రెండు బిళ్ళలు తీసి కొంగున ముడి వేసుకుని, నన్ను తోడు తీసుకుని సంతకు వెళ్లింది.

అక్కడ ఒక వర్తకుడు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఇప్పుడు చెల్లవు కదే అవ్వా. దమ్మిడీకి కొరగావు. పాపం ముసలిదానివని బిళ్ళకు నూట యాభై ఇస్తాను, ఇష్టమైతే ఇచ్చుకో" అన్నాడు. రెండు బిళ్ళలకు మూడు వందలు ఇచ్చాడు. అవ్వ దండం పెట్టి తీసుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాను. భాగహారాలూ శాతాలూ అన్నీ వచ్చు. అయినా ఒక్క మాట మాట్లాడలేదు. ఏమి మాట్లాడాలో తెలిస్తే కదా!

సెలవులు అయ్యాక మా సోషల్ మాస్టారిని అడిగాను. "దమ్మిడీ అంటే ఏమిటో తెలుసుకో, ఆ తర్వాత ఆ బిళ్ళల లెక్క నీకే తెలుస్తుంది" అన్నారు. అక్కడ మొదలైంది నా వెతుకులాట. లైబ్రరీ పుస్తకాల్లోంచీ, మాస్టారి నుంచీ, అవ్వ నోటి నుంచీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

పాత లెక్క ఇదీ

ఇప్పుడు మనకు రూపాయికి 100 పైసలు. 1957కు ముందు అలా కాదు. అప్పటి లెక్క మన తెలుగు జిల్లాల్లో ఇలా ఉండేది.

3 దమ్మిడీలు = 1 కాణీ
4 కాణీలు = 1 అణా
2 అణాలు = 1 బేడ
4 అణాలు = 1 పావలా
8 అణాలు = అర్ధ రూపాయి
16 అణాలు = 1 రూపాయి

కాణీకి మూడు దమ్మిడీలు, అణాకు నాలుగు కాణీలు. కాబట్టి అణాకు 12 దమ్మిడీలు. రూపాయికి 16 అణాలు. పన్నెండూ పదహార్లు 192. అంటే రూపాయిలో 192వ వంతు దమ్మిడీ. ఇంగ్లీషు వాళ్లు దీన్నే 'పై' అన్నారు. చిన్న రాగి నాణెం. కాణీని వాళ్లు 'పైసా' అన్నారు. ఆ పాత పైసాలు రూపాయికి 64. ఇప్పటి పైసా వేరు, అది రూపాయిలో నూరో వంతు. రెండూ ఒకటే అనుకుని పొరబడకండి.

అవ్వను అడిగితే ఈ పట్టిక గడగడా చెప్పేసింది. బడి ముఖం చూడని మనిషి! "సిన్నప్పుడు మా అమ్మ ఉప్పుకి కాణీ ఇచ్చి పంపేదిరా. అణా అంటే పెద్ద డబ్బు. రూపాయి మారిస్తే ఇంట్లో అందరికీ తెలిసేది" అంది.

పదహారు ఎందుకు? పన్నెండు ఎందుకు?

రూపాయికి పది అణాలో, వంద అణాలో పెట్టక పదహారే ఎందుకు పెట్టారు అని నాకు అనుమానం వచ్చింది. జవాబు మన వంటింట్లోనే ఉంది. పాత కొలతలు చూడండి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. లెక్క వేస్తే మానికకు 16 గిద్దలు. రూపాయికి 16 అణాలు ఎలాగో, మానికకు 16 గిద్దలు అలాగ!

పూర్వం సంతలో అందరికీ కాగితం మీద భాగహారం రాదు. అయితే ఒక కుప్పను సగం చేయడం అందరికీ వచ్చు. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తే పావు. దాన్ని సగం చేస్తే పావులో సగం. ఇంకోసారి సగం చేస్తే పదహారో వంతు. నాలుగుసార్లు సగం చేసినా 16లో మిగులు రాదు. 100ను అలా చేసి చూడండి. 50, 25 వరకు బాగానే వస్తుంది. ఆ తర్వాత పన్నెండున్నర, ఆరుంపావు. చిక్కు వస్తుంది.

తెలుగులో పదహారో వంతుకు 'వీసం' అని పేరు ఉంది. "వీసమెత్తు బంగారం లేదు" అంటామే, అదే వీసం. వీసంలో పావు, అంటే 64వ వంతు, కాణీ. రూపాయిలో వీసం అణా, 64వ వంతు కాణీ. ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. పాత కరణాల లెక్కల్లో ఈ భిన్నాలకు వేరే గుర్తులు కూడా ఉండేవి. పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. వీసాలకు అడ్డగీతలు. వీసంలో పావులకు మళ్లీ నిలువు గీతలు. ఇలా అన్నీ నాలుగేసి లెక్కన నడిచేవి.

నాలుగు మీద లెక్కపెట్టడం మనకు కొత్త కాదు. మామిడికాయలు పుంజీల లెక్కన కొంటారు. పుంజీ అంటే నాలుగు. ఒడియా మాట్లాడే మిత్రులు నాలుగింటిని 'గండా' అంటారు. పావలాలో ఉన్న 'పావు' కూడా నాలుగు నుంచే వచ్చింది. సంస్కృతంలో 'పాదం' అంటే కాలు, నాలుగో వంతు కూడా. ఆవుకు నాలుగు కాళ్లు, అందులో ఒకటి నాలుగో వంతు! పద్యానికి నాలుగు పాదాలు అని తెలుగు మాస్టారు చెప్పేది కూడా ఈ పాదమే. అదే హిందీలో పావ్ అయింది, మనకు పావు అయింది.

ఇక అణాకు పన్నెండు దమ్మిడీలు ఎందుకు? సగాలు చేయడానికి 16 మంచిదే, అయితే మూడు భాగాలకు అది పనికిరాదు. ముగ్గురు అన్నదమ్ములు రూపాయి పంచుకోవాలంటే తలా 5 అణాలు వస్తాయి, ఒక అణా మిగులుతుంది. ఆ అణాను దమ్మిడీలు చేస్తే తలా 4 వస్తాయి. అంటే ఒక్కొక్కరికి 5 అణాల 4 దమ్మిడీలు. మిగులూ లేదు, తగవూ లేదు. ఇప్పుడు వంద పైసలను ముగ్గురికి పంచండి చూద్దాం. తలా 33, ఒకటి మిగిలిపోతుంది.

చూశారా, మనం పనికిరానిది అనుకునే దమ్మిడీ వల్లే రూపాయి మూడు సమ భాగాలు అయ్యేది.

దమ్మిడీ పుట్టిల్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దమ్మిడీ అచ్చ తెలుగు మాట కాదు. హిందుస్తానీలో 'దమ్డీ' అంటారు. 'దామ్' అనే మాటకు చివర 'డీ' చేరి దమ్డీ అయింది. చిన్నదాన్ని చెప్పడానికి అలా చేరుస్తారు. అంటే 'చిన్న దామ్' అని అర్థం.

దామ్ అంటే ఏమిటి? అక్బరు కాలంలో అది పెద్ద రాగి నాణెం. దాదాపు 20 గ్రాముల బరువు ఉండేది. 40 దామ్‌లు ఒక వెండి రూపాయి. అక్బరు కొలువులో ఉన్న అబుల్ ఫజల్ 'అయిన్-ఎ-అక్బరీ' అనే గ్రంథంలో నాణేల వివరాలు రాశాడు. దామ్‌లో సగం అధేలా, నాలుగో వంతు పావులా, ఎనిమిదో వంతు దమ్డీ అని అందులో ఉంది. మన పావలా, దమ్మిడీ రెండూ పక్కపక్కనే కనిపించాయి నాకు! అప్పుడు పావులా రాగి దామ్‌లో పావు, మన పావలా రూపాయిలో పావు. పేరు అదే, పావు చేసే వస్తువు మారింది. ఇప్పటికీ హిందీలో 'దామ్' అంటే వెల, ధర. హిందీ మాస్టారు పాఠంలో "ఇస్‌కా దామ్ క్యా హై" అని చెప్పారు కదా, అదే ఇది.

దామ్ ఎక్కడిది? అంతకు ముందు సంస్కృతంలో 'ద్రమ్మ' అనే మాట ఉంది. ప్రాకృతంలో 'దమ్మ' అయింది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన 'లీలావతి' గణితం పుస్తకం మొదట్లోనే డబ్బు లెక్క ఉంది. 20 గవ్వలు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణం, 16 పణాలు ఒక ద్రమ్మ, 16 ద్రమ్మలు ఒక నిష్కం అని. ఇక్కడా నాలుగు, పదహారు వచ్చాయి గమనించారా? 20ని 4తో, ఆ పైన 16తో గుణిస్తే 1280. అంటే ద్రమ్మకు 1280 గవ్వలు.

గవ్వలు డబ్బా అని నవ్వకండి. అది ఆటలో మాట కాదు. మాల్దీవుల సముద్రం నుంచి ఓడల్లో తెచ్చిన గవ్వలు బెంగాల్లో, మన పక్కనున్న ఒడిశాలో 19వ శతాబ్దం మొదటి రోజుల వరకు నిజంగా డబ్బుగా నడిచాయి. అక్కడ 4 గవ్వలు ఒక గండా, 20 గండాలు ఒక పణ, 16 పణాలు ఒక కాహాణ. ఇదీ 1280 గవ్వలే! ఇంగ్లీషు కంపెనీ వాళ్లు గవ్వలు కుదరవు, శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలి అన్నారు. వెండి లేని రైతులు గవ్వలు ఇచ్చి వర్తకుల దగ్గర వెండి కొనుక్కోవాల్సి వచ్చింది. 1817లో ఖుర్దాలో జరిగిన పైకా తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అనే మాటలో గవ్వ ఊరికే రాలేదు మిత్రులారా.

సరే, ద్రమ్మ ఎక్కడిది? ఇదే నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది. అది మన దేశం మాటే కాదు, గ్రీకు మాట! గ్రీసు దేశంలో వెండి నాణేన్ని 'ద్రఖ్మ' అనేవారు. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు సింధునది దాటి వచ్చాడని మనం చదివాం. ఆ తరువాత క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి పంజాబు, గాంధార ప్రాంతాల్లో గ్రీకు రాజులు పరిపాలించారు. వారిలో మినాండరు పేరు మీరు వినే ఉంటారు, బౌద్ధ గ్రంథాల్లో మిలిందుడు. వాళ్లు ముద్రించిన వెండి ద్రఖ్మలు మన వాళ్ల చేతుల్లోకి వచ్చాయి. నాణెంతో పాటు పేరూ వచ్చింది.

గ్రీకులో ద్రఖ్మ అంటే అర్థం ఏమిటో తెలుసా? 'గుప్పెడు'! నాణేలు రాకముందు గ్రీసులో ఇనుప చువ్వలను డబ్బుగా వాడేవారట. ఒక్కో చువ్వను 'ఒబోల్' అనేవారు. ఆరు చువ్వలు గుప్పిట్లో పడతాయి. ఆరు ఒబోల్‌లు ఒక ద్రఖ్మ. గ్రీకులు స్వయంగా చెప్పుకున్న వివరం ఇది.

కాబట్టి దారి ఇలా ఉంది. గ్రీకు ద్రఖ్మ, సంస్కృతం ద్రమ్మ, ప్రాకృతం దమ్మ, హిందీ దామ్, దాని పిల్ల దమ్డీ, మన తెలుగులో దమ్మిడీ. రెండు వేల సంవత్సరాలకు పైగా నడిచి మన సంతకు చేరింది. బయలుదేరినప్పుడు వెండి, మధ్యలో రాగి, చివరికి రాగిలో కూడా అన్నిటికన్నా చిన్నది. ఇప్పుడైతే ఒట్టి మాట.

దమ్మిడీ చుట్టాలు

ద్రఖ్మ తూర్పుకే కాదు, ఇతర దిక్కులకూ వెళ్లింది. అరబ్బులు దాన్ని 'దిర్హమ్' అన్నారు. దుబాయిలో ఇప్పుడు నడిచే డబ్బు దిర్హమే. 1973 నుంచి అక్కడ ఆ పేరుతో చెలామణి ఉంది. మన తెలుగువాళ్లు ఎంతోమంది అక్కడ పనిచేసి ఇళ్లకు పంపేది ఆ దిర్హములే. మొరాకో దేశంలోనూ దిర్హమే. అర్మేనియా దేశం 1993లో తన డబ్బుకు 'డ్రామ్' అని పేరు పెట్టుకుంది. అదీ దీని చుట్టమే. పుట్టింటి గ్రీసులో మాత్రం 2002లో యూరో నోట్లు వచ్చి ద్రఖ్మ పోయింది.

దుబాయి దిర్హమూ, మన దమ్మిడీ ఒకే తల్లి పిల్లలు. ఒకటి బాగుపడింది, ఒకటి తిట్టు అయింది. ఈ సంగతి మా డార్మెటరీలో చెబితే ఎవరూ నమ్మలేదు. సోషల్ మాస్టారిని అడగండి అన్నాను.

దమ్మిడీ ఎప్పుడు పోయింది?

1957 ఏప్రిల్ 1వ తేదీ నుంచి మన దేశంలో రూపాయికి 100 పైసల లెక్క వచ్చింది. పాత పైసాతో కలగకుండా దీన్ని 'నయా పైసా' అన్నారు. అంటే కొత్త పైసా. 1964 జూన్ 1 నుంచి 'నయా' తీసేసి ఉత్త పైసా అన్నారు.

పావలా 25 పైసలు, అర్ధ రూపాయి 50 పైసలు. ఇవి సరిగ్గా కుదిరాయి. అందుకే ఆ పేర్లు బతికాయి. అయితే అణా? 100ను 16తో భాగిస్తే 6.25. కాణీ 1.5625. పైసాలో పావు, పైసాలో ముక్క అంటూ నాణేలు ఉండవు కదా. అందుకని దగ్గర్లో ఉన్న పూర్తి సంఖ్యకు మార్చారు. అణాకు 6 నయా పైసలు, బేడకు 12, మూడణాలకు 19, కాణీకి 2.

ఇక్కడ ఒక లెక్క చేయండి. నాలుగు కాణీలు అణా. కాణీ వస్తువును నాలుగుసార్లు విడివిడిగా కొంటే రెండేసి చొప్పున 8 నయా పైసలు అవుతుంది. అదే ఒకేసారి అణా పెట్టి కొంటే 6. డబ్బున్నవాడు అణా పెట్టి ఒకేసారి కొంటాడు. మా అవ్వ వాళ్ల అమ్మలాంటి వాళ్లు ఉప్పు, పొగాకు కాణీకి కాణీ కొనుక్కునేవాళ్లు. నష్టం ఎవరికి వచ్చిందో చెప్పనక్కరలేదు. లెక్క మారడం తప్పు కాదు, వందల లెక్క మన చదువుకు సులువే. అయితే లెక్క మారినప్పుడు లెక్క రాని వాళ్లకే దెబ్బ తగులుతుంది.

అవ్వ కూడా ఇదే చెప్పింది. "కొత్త డబ్బు వొచ్చినప్పుడు సంతలో ఎవుడెంతంటే అంతేరా. మాకేటి తెలుసు?"

తరువాత చిన్న పైసలూ పోయాయి. 2011 జూన్ 30 తరువాత 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. పావలా కూడా అలా పోయింది. 50 పైసలు చెల్లుతుంది, ఎవరైనా తీసుకోం అంటే అది వాళ్ల మాటే గాని చట్టం కాదు.

మళ్లీ అవ్వ దండ దగ్గరికి

ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు దండలో ఒక బిళ్ళకు కొండీ ఊడిపోయి ఉంది. అవ్వను బతిమాలి దాన్ని బడికి తెచ్చాను. వార్డెన్ గారి అనుమతితో సైన్సు ల్యాబులో త్రాసులో తూచాం. 11 గ్రాముల 400 మిల్లీగ్రాములు వచ్చింది. బిళ్ళ మీద 1918 అని ఉంది. గడ్డం, కిరీటం ఉన్న రాజు బొమ్మ, ఐదో జార్జి.

ఇంగ్లీషు వాళ్ల కాలం రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అది తులం అన్నమాట. మన బిళ్ళ నూరేళ్లు మెడలో అరిగి కాస్త తగ్గింది. అందులో 12 భాగాలకు 11 భాగాలు వెండి. అరగని బిళ్ళలో 10.69 గ్రాముల అసలు వెండి ఉంటుంది. 1940 నుంచి యుద్ధం వల్ల వెండి తగ్గించి సగమే వేశారు. 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెలు.

వేసవి సెలవుల్లో మిగతా బిళ్ళల మీద సంవత్సరాలు ఒక కాగితం మీద రాసుకున్నాను. మొత్తం తొమ్మిది. ఆరు 1940కి ముందువి. రెండు 1944, 1945వి. ఒకటి 1947ది. పాడైన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం దగ్గర పెడితే ఆ 1947 బిళ్ళ టక్కున అంటుకుంది. మిగతావి అంటుకోలేదు. నికెలును అయస్కాంతం లాగుతుంది, వెండిని లాగదు. మన ఫిజిక్సు పాఠం సంతలో పనికొస్తుందని అప్పుడు తెలిసింది.

దండ మధ్యలో ఇంకో చిన్నది ఉంది. నడుమ పెద్ద చిల్లు ఉన్న కంచు బిళ్ళ. అదే చిల్లి కాణీ! 1943 నుంచి 1947 వరకు లోహం పొదుపు కోసం నడుమ చిల్లు పెట్టి ముద్రించారు. చిల్లు ఉంది కాబట్టి కొండీ అతికించే పని లేకుండా దారం దూర్చేశారు. "మా అమ్మ వేసింది" అంది అవ్వ.

అమ్మేసిన రెండు బిళ్ళల మీద బొమ్మ ఏమిటని అడిగాను. "గెడ్డం రాజులే" అంది. గడ్డం ఉన్న రాజులు ఏడో ఎడ్వర్డు, ఐదో జార్జి. వాళ్ల రూపాయలన్నీ మంచి వెండివే. రెండింటిలో కలిపి 20 గ్రాములకు పైగా వెండి. మూడు వందలకు ఇచ్చాం. గ్రాముకు పదిహేను రూపాయలు కూడా పడలేదు. ఆ రోజు వెండి ధర దానికి ఎన్నో రెట్లు ఉంది.

వర్తకుడు చెప్పిన దాంట్లో ఒక మాట నిజం, ఒక మాట అబద్ధం. "చెల్లవు" అన్నది నిజమే. ఆ రూపాయి ఇచ్చి దుకాణంలో బిస్కెట్ కూడా కొనలేం. "దమ్మిడీకి కొరగావు" అన్నది అబద్ధం. చెల్లుబాటు వేరు, విలువ వేరు. ప్రభుత్వం చెల్లదంటే నాణెం చెల్లదు, లోపలి వెండి మాత్రం ఎక్కడికీ పోదు. ఆ రెండు మాటలనూ కలిపేసి చెప్పాడు. విడదీసి అడిగేవాళ్లు అక్కడ లేరు. ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే, నేను నోరు తెరవలేదు.

అందుకే మిత్రులారా, మీ ఇంట్లో అవ్వల దగ్గర అలాంటి బిళ్ళలు ఉంటే సెలవుల్లో ఈ పనులు చేయండి.

1. బొమ్మ చూడండి. రాణి బొమ్మ, గడ్డం రాజుల బొమ్మ ఉంటే మంచి వెండి. గడ్డం లేని రాజు ఉంటే సంవత్సరం చూడండి. 1940 నుంచి 1945 వరకు సగం వెండి, 1947 నికెలు.
2. అయస్కాంతం పెట్టి చూడండి. నకిలీ బిళ్ళలు కూడా ఉంటాయి, కాబట్టి తూకం కూడా చూడండి. కొండీ బరువు మరచిపోకండి.
3. అమ్మక తప్పకపోతే ఆ రోజు వెండి ధర పేపర్లో గాని ఫోనులో గాని తెలుసుకుని, రెండు మూడు చోట్ల అడిగి, తూకం మీద అమ్మండి. బిళ్ళకు ఇంత అని అమ్మకండి.

మా నాయన ఇప్పుడు బాగున్నాడు. పోయిన రెండు బిళ్ళలు రావు. ఇదంతా అవ్వకు చెబితే కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నీ నాయన లేచి తిరుగుతున్నాడు, అది సాల్లే. మిగిలినయ్యి నీ సెల్లి పెళ్లికి. అప్పుడు నువ్వే తూకం సూడు" అంది. ఆ కాగితం మడిచి, దండ పెట్టుకునే చిన్న పెట్టెలో దాచమని ఇచ్చింది. తనకు చదువు రాకపోయినా దాచింది.

ఇకమీదట ఎవరైనా "నువ్వు దమ్మిడీకి కొరగావు" అంటే చిన్నబుచ్చుకోకండి. దమ్మిడీ రెండు వేల ఏళ్లు బతికింది, రూపాయిని ముగ్గురికి సమంగా పంచింది అని చెప్పండి. (వార్డెన్ గారితో మాత్రం చెప్పకండి, ఆయన అన్నప్పుడు ఊరుకోవడమే మంచిది. క్షమించండి సార్.)

లెక్కలు చేయండి

1. 5 రూపాయల 10 అణాల 8 దమ్మిడీలకు మొత్తం ఎన్ని దమ్మిడీలు?
2. మానిక చింతపిక్కలు రూపాయి అయితే, మూడు గిద్దలు ఎన్ని అణాలు? నోటితోనే చెప్పాలి.
3. ఒక్క రూపాయిని ఆరుగురికి సమంగా పంచితే, పాత లెక్కలో ఒక్కొక్కరికి ఎంత? ఇప్పటి పైసల్లో పంచితే ఎన్ని పైసలు మిగులుతాయి?

జవాబులు వచ్చే సంచికలో. ముందుగా చెప్పిన ముగ్గురి పేర్లు ఈ గోడ మీదే రంగు పెన్సిళ్లతో రాస్తాం.

మీ ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిన పాత డబ్బు పేర్లు, కొలతల పేర్లు, మీ మీ భాషల్లో ఏమంటారో రాసి తెచ్చి సంపాదకవర్గానికి ఇవ్వండి. కువి, ఒడియా, కొండ భాష ఏదైనా సరే, తెలుగు లిపిలో రాసి ఇస్తే చాలు. అవ్వలు, తాతలు ఉన్నప్పుడే అడిగి రాసుకుందాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి, 'బి' సెక్షను